గంగరావి చేవ: కోనసీమ కలప ఎంపికలో పేరు, పని, తుపాకి కర్ర

19వ శతాబ్దంలో మద్రాసు రాజధానిలోని చెట్లను గురించి, కలపలను గురించి ఆంగ్లంలో వెలువడిన గ్రంథాలలో గంగరావికి ఒక అనుకోని ఉపయోగం కనిపిస్తుంది. పడవలకు, బండ్లకు, ఇంటి సామగ్రికి పనికివస్తుందన్న మాటల సరసనే తుపాకి కర్రలకు కూడ ఈ కలప వాడతారన్న నమోదు ఉంటుంది. తుపాకి కర్ర అంటే గొట్టాన్ని, పేల్చే యంత్రాన్ని మోస్తూ, వెనుకవైపు వెడల్పై భుజానికి ఆనే చెక్కభాగం. ఆ వెనుకభాగాన్నే వాడుకలో తుపాకి మడమ అంటారు. కోనసీమలో గంగరావి ఎవరూ వెదకి తెచ్చుకోవలసిన చెట్టు కాదు. రాజోలు, అమలాపురం ప్రాంతాల ఉప్పుటేటి గట్లమీద, కాలువల వెంట, పశువుల పాకల పక్కన నీడకోసమో కంచెకోసమో పెరిగే చెట్టు. ఇంత మామూలు చెట్టు ఐరోపా తుపాకి తయారీదారులు అక్రోటు కలపకు కేటాయించిన పనికి ఎట్లా పేరుపొందింది? ఆ నమోదు దేనికి సాక్ష్యం? దానిని తెలుగు పదచరిత్రకు ఆధారంగా తీసుకొనేటప్పుడు ఏ జాగ్రత్త అవసరం? ఈ మూడు ప్రశ్నలు ఈ వ్యాసానికి ప్రాతిపదిక.

ఇక్కడ ప్రతిపాదిస్తున్న విషయం ఇది. వడ్రంగి కలపను ఎంచుకొనే పద్ధతి షరతులతో కూడిన తీర్పు. ఏ చెట్టు, ఎట్లా నాటింది, ఏ భాగం, ఎంతకాలం ఆరింది అన్న ప్రశ్నలకు జవాబు దొరికిన తరువాతనే ఆ తీర్పు వెలువడుతుంది. వలసపాలన కాలపు కలప పట్టికలు ఆ తీర్పులోని చివరి మాటను మాత్రమే తీసుకొని, షరతులను విడిచిపెట్టాయి. తెలుగు పేర్లను ఆ పట్టికలు భద్రపరిచాయన్నది నిజమే. కాని పేరుకు వెనుక ఉన్న ఎంపికను అవి భద్రపరచలేదు.

తుపాకి కర్ర ఏమి అడుగుతుంది

తుపాకి కర్రకు అందం రెండవ అవసరం. పేలినప్పుడు తుపాకి వెనుకకు తన్నుతుంది. ఆ తాకిడి యంత్రం వెనుక ఉన్న సన్నని చెక్కమీద, దాని తరువాత చేయి పట్టుకొనే సన్నని మెడమీద పడుతుంది. చెక్క నార ఆ మెడ వంపును అనుసరించి సాగకపోతే, అంటే నార అడ్డంగా తెగి ఉంటే, ఎంత గట్టి కలపైనా అక్కడే చీలుతుంది. రెండవది, గొట్టం కూర్చునే గాడిని వెంట్రుకవాసి తేడా లేకుండ ఉలితో తొలవాలి. అందువల్ల చెక్క సన్నని అంచును నిలుపుకొనేదై ఉండాలి, పెళుసుగా రాలిపోరాదు. మూడవది, వానకాలంలో ఉబ్బి వేసవిలో ముడుచుకొనే చెక్క గొట్టాన్ని పక్కకు నెడుతుంది, గురి తప్పుతుంది. ఏటా నైరుతి, ఈశాన్య ఋతుపవనాల తేమను రెండింటినీ చవిచూసే తీరప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు. నాలుగవది బరువు. మోసేవాడి భుజం దానిని నిర్ణయిస్తుంది.

ఈ నాలుగు అవసరాలను తీర్చడం వల్లనే ఐరోపాలో అక్రోటు, అంటే వాల్‌నట్, స్థిరపడింది. ఆరిన అక్రోటు ఘనమీటరుకు సుమారు 640 కిలోలు తూగుతుంది. టేకు బరువు కూడ ఇంచుమించు అంతే. టేకు స్థిరమైన కలప, నీటికి జంకదు, కాని నారవెంట తేలికగా చీలే స్వభావం దానిది. గోదావరి ఎగువ కొండలలో దొరికే జిట్రేగి, దీనినే ఇరుగుడు అని కూడ అంటారు, ఊదా నలుపు చారలతో కంటికి ఎంతో ఇంపైనది. అయితే అది ఘనమీటరుకు సుమారు 850 కిలోల బరువు. బిల్లుడు పట్టువంటి మెరుపుగల కలప, కాని ఇంకా బరువైనది, ఆరేటప్పుడు పగుళ్లు తీస్తుంది. ఈ రెంటినీ ఆంగ్ల గ్రంథకర్తలు అలంకారపు కలపలుగా పరిగణించారు. ఎడ్వర్డ్ బాల్‌ఫర్ 1858లో ప్రకటించిన గ్రంథం పేరులోనే కలప చెట్లతో పాటు అలంకారపు కలపల ప్రస్తావన ఉంది. ఆ శతాబ్దపు సంపన్నగృహాలలో బల్లలకు, పెట్టెలకు ఇవి చెల్లాయి. తుపాకి కర్రకు అలంకారపు కలపను ఎంచేవాడు మాత్రం ఒక నియమం పాటించాలి. మెలికలు తిరిగిన నార, పంగ దగ్గరి సుడులు, వేరు మొదలులోని అలలు, ఇవన్నీ మడమలో ఉంటే అందం, మెడలో ఉంటే ప్రమాదం. ఒకే దుంగలో అందమూ బలమూ వేరువేరు చోట్ల ఉంటాయి. దుంగను ఏ కోణంలో కోస్తే ఏది ఎక్కడికి వస్తుందో కోయకముందే ఊహించగలగడం ఈ పనిలోని విద్య.

భోజునికి ఆపాదించే యుక్తికల్పతరువు నౌకానిర్మాణ సందర్భంలో కలపను బరువు, దృఢత్వం అనే రెండు గుణాల కలయికతో నాలుగు తరగతులుగా విభజించింది. తేలికై మెత్తనిది ఒకటి, తేలికై గట్టిది రెండవది, మెత్తనై బరువైనది మూడవది, గట్టిదై బరువైనది నాలుగవది. వీటికి ఆ గ్రంథం వర్ణాల పేర్లు పెట్టింది. కాలపు అలవాటు అది, ఇక్కడ ప్రస్తుతం కాదు. ప్రస్తుతమైనది ఆ విభజనలోని తర్కం. ఆ లెక్కలో తుపాకి కర్రకు కావలసింది రెండవ తరగతి, తేలికై గట్టిది. నావకు కూడ ఆ గ్రంథం మెచ్చింది ఆ తరగతినే. గంగరావికి పడవల పక్కనే తుపాకి కర్రలు చేరడం యాదృచ్ఛికం కాదని దీనివల్ల ఊహించవచ్చు. రెండు పనులూ తాకిడిని, తేమను తట్టుకొనే మధ్యమ బరువు కలపనే అడుగుతాయి.

చేవ ఎక్కడ ఉంటుంది

గంగరావి మాను బయటి చెక్క లేతరంగులో ఉంటుంది. లోపలి చేవ ముదురు ఎరుపు కలిసిన గోధుమరంగు, వయసు మీరినదైతే దాదాపు చాక్లెట్ రంగు. నార సన్నగా, దట్టంగా ఉంటుంది. చిత్రిక పట్టి నూనె పూస్తే నునుపు తేలుతుంది. చెక్క నీటిలో మన్నుతుంది. పసిఫిక్ దీవులలో, ముఖ్యంగా హవాయిలో, ఇదే చెట్టు చేవతో తిండి గిన్నెలు తొలిచేవారు. చేవకు లేత చెక్కకు మధ్య రంగు తేడా అంత స్పష్టంగా ఉండడం అలంకారపు పనికి అనుకూలించే గుణం.

ఇక్కడ చేవ అన్న మాట దగ్గర కొంత ఆగవలసి ఉంది. వృక్షశాస్త్ర పాఠ్యపుస్తకాలు ఈ పదాన్ని మాను నడిమి గట్టిభాగానికి పారిభాషికంగా స్థిరపరిచాయి. నిఘంటువులు కూడ చెట్టు లోపలి గట్టిదనాన్ని మొదటి అర్థంగా, బలాన్ని, సామర్థ్యాన్ని తదుపరి అర్థంగా ఇస్తాయి. చేవగల మనిషి, చేవ చచ్చిన జాతి వంటి ప్రయోగాలు ఈ రెండవ అర్థానికి ఉదాహరణలు. కాని కోనసీమ వంటి తాటి, కొబ్బరి సీమలో ఈ క్రమం నిలవదు. తాటిమానులో, కొబ్బరిమానులో గట్టిభాగం బయట ఉంటుంది, లోపలిది మెత్తని బెండు. ఇవి నడిమి చేవ పట్టే జాతి చెట్లు కావు. అయినా ముదిరిన తాటిని చేవదేరిన తాడి అనడం, దాని దూలాలను చేవ దూలాలనడం వాడుకలో ఉన్నదే. అంటే వడ్రంగి భాషలో చేవ ఒక స్థానానికి పేరు కాదు, ఒక గుణానికి పేరు. ముదిరి, గట్టిపడి, పురుగుకు లొంగని భాగం ఏదైతే అది చేవ. అది నడిమిన ఉన్నదా అంచున ఉన్నదా అన్నది చెట్టునుబట్టి తెలుసుకోవలసిన విషయం. బలం అనే అర్థం లాక్షణికంగా తరువాత పుట్టిందని అనుకోవడానికి బదులు, గుణవాచకంగానే మొదలై శాస్త్రగ్రంథాలలో స్థానవాచకంగా కుదించుకుపోయిందని భావించడం ఈ ప్రయోగాలకు ఎక్కువ సరిపోతుంది.

ఇదే తీరులో కట్టె, కర్ర, చెక్క, కలప అన్న మాటల మధ్య తేడాలు కూడ పనినిబట్టి ఏర్పడినవే. పొయ్యిలోకి పోయేది కట్టె. కోసి పలకగా తీసినది చెక్క. అమ్మకానికి, కట్టడానికి సిద్ధమైన మొత్తం కలప. గోదావరి జిల్లాల వాడుకలో కర్ర ఈ మూడింటినీ దాటిపోతుంది. టేకు కర్ర, కర్రపని, కర్రల అడితి అన్న మాటలలో కర్ర అంటే చేతికర్ర కాదు, ఇల్లు కట్టే కలప. తుపాకి కర్ర అన్న సమాసం ఈ వాడుకకే చెందుతుంది. తుపాకి తుర్కీ, పారసీ మార్గంలో వచ్చిన మాట, కర్ర దేశి. ఇనుము పరాయిపేరుతో వచ్చింది, చెక్క ఇంటిపేరుతోనే మిగిలింది. చెక్కపని చేసినవాడు స్థానికుడు కావడమే దీనికి కారణమని చెప్పడం తొందరపాటు కావచ్చు. అయినా ఆ దిశగా ఆలోచించడానికి ఈ సమాసం అవకాశమిస్తుంది.

పేరులోని రావి

గంగరావికి గంగరేను, మునిగంగరావి అన్న రూపాలు కూడ ఉన్నాయి. పేరులోని రావి ఆకునుబట్టి వచ్చింది. హృదయాకారంలో, చివర మొనదేరిన ఆకు రావి ఆకును తలపిస్తుంది. సంస్కృతంలోని పారిశపిప్పలమూ, తమిళంలోని పూవరసూ రావిచెట్టు పోలికనే చెబుతాయి. ఆంగ్లేయులు వాడిన పోర్షియా ఆ తమిళపదానికే మార్పు. లాటిన్ నామంలోని పాపుల్నియా అన్న విశేషణం ఐరోపాలోని పాప్లార్ ఆకును గుర్తుచేస్తుంది. చూసిన ఆకు ఒక్కటే, గుర్తుకు వచ్చిన చెట్టు ఎవరి ఊరిది వారికి. జాతినామమైన థెస్పేషియా గ్రీకు భాషలో దివ్యమైనదని అర్థమిస్తుంది. కుక్ తొలి యాత్రలో సోలాండర్ తాహితి దీవిలో ఈ చెట్టును పవిత్రస్థలాల దగ్గర చూసి ఆ పేరు తలచాడు. తెలుగు పేరులోని గంగకు పవిత్రార్థం ఉన్నదా, లేక గంగ అంటే నీరు అన్న వాడుక ఉన్నదా అన్నది విచారించదగినది. ఈ చెట్టు సహజంగా పెరిగే చోటు ఉప్పునీటి అంచు. కాబట్టి నీటిగట్టు రావి అన్న అర్థమే మొదటిదై ఉండడానికి అవకాశం ఎక్కువ.

ఏ అర్థం తీసుకున్నా ఒక విషయం మారదు. గంగరావి అన్న పేరులో కలపను గురించిన సమాచారం ఏమీ లేదు. ఆకు ఉన్నది, చోటు ఉన్నది, పని లేదు. కలపనుబట్టి చెట్టుకు పేరు పెట్టే అలవాటు శాస్త్రజ్ఞులలోనే ఎక్కువ. తునికికి రాక్స్‌బర్గ్ పెట్టిన మెలనాక్సిలాన్ అన్న జాతివిశేషణానికి నల్లని కలప అని అర్థం. తునికి ఆకు బీడీకి, పండు తిండికి, చేవ నగిషీపనికి వచ్చే చెట్టు. లాటిన్ పేరు ఆ మూడింటిలో చివరిదానిని ఎంచుకున్నది.

విలియం రాక్స్‌బర్గ్ ప్రస్తావన ఇక్కడ అనివార్యం. ఆయన 1781 నుండి సామర్లకోటలో ఉండి, 1793లో కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానానికి వెళ్లేవరకు గోదావరి ప్రాంతపు మొక్కలను సేకరించాడు, స్థానిక చిత్రకారులచేత బొమ్మలు వేయించాడు. 1795 నుండి 1820 వరకు మూడు సంపుటాలుగా వచ్చిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో 300 చిత్రాలున్నాయి. ఆ చిత్రకారుల పేర్లు లోకానికి తెలియవు. వర్ణనలలో తెలుగు పేర్లు మాత్రం చోటు చేసుకున్నాయి. ఒక పేరు వర్ణనలో ఆగక లాటిన్ పేరుగానే మారింది. జ్వరానికి మందుగా బెరడు వాడే సోమిడ చెట్టును రాక్స్‌బర్గ్ మహాగని జాతిలో చేర్చాడు. 1830లో ఏడ్రియన్ ద జుస్యూ దానిని ప్రత్యేకజాతిగా విడదీసి సోయ్‌మిడా అని తెలుగు పేరే పెట్టాడు. ఈనాడు ప్రపంచంలో ఏ వృక్షశాస్త్రజ్ఞుడు ఆ చెట్టును పేర్కొన్నా తెలుగు మాటే పలుకుతాడు. సోమిడ ఎర్రని, బరువైన, గట్టి కలపగల చెట్టు. పేరు ప్రపంచానికి వెళ్లింది గాని, దాని కలపలో ఏ భాగాన్ని ఏ పనికి తీసుకోవాలో, ఏ పనికి తీసుకోరాదో చెప్పే తెలుగు మాటలు పేరుతో పాటు ప్రయాణించలేదు.

ఈ లోటును కొంత గుర్తించిన గ్రంథం వాల్టర్ ఎలియట్ 1859లో మద్రాసులో ప్రకటించిన ఫ్లోరా ఆంధ్రికా. అమరావతి శిల్పాల తరలింపుతో ముడిపడిన పేరుగా ఎలియట్ తెలుగువారికి ఎక్కువ పరిచితుడు. ఉత్తర సర్కారుల తెలుగు జిల్లాలలోని మొక్కల దేశీయనామాలకు వృక్షశాస్త్రనామాలను జోడించే ఈ పట్టికలో తెలుగు పేరు ప్రవేశద్వారం, లాటిన్ పేరు గమ్యం. అంతకుముందు గ్రంథాలలో మార్గం దీనికి విరుద్ధంగా ఉండేది. ఇంతటి పట్టికలో సైతం పేరుకు పేరు దొరుకుతుంది గాని ఎంపికకు కారణం దొరకదు. పట్టిక అన్న రూపానికే అది సాధ్యం కాదు.

షరతు ఎట్లా జారిపోయింది

గంగరావి విషయంలో ఆ జారిపోయిన షరతు ఏమిటో కొంతవరకు చెప్పడం సాధ్యమే. ఈ చెట్టును రెండు విధాల పెంచుతారు. గింజనుండి మొలిపించడం ఒకటి, మనిషి ఎత్తు కొమ్మను నరికి పాతడం మరొకటి. రెండవది సులువు, తొందరగా నీడనిస్తుంది, కంచెకు, బాటపక్క నాటడానికి అదే అలవాటు. కాని పెద్ద కొమ్మనుండి పెరిగిన మాను నడిమిన డొల్ల పడుతుందన్నది 19వ శతాబ్దపు వృక్షశాస్త్రజ్ఞుల పరిశీలనలలోనే ఉంది. పాతిన కొమ్మ తెగిన కొసనుండి నీరు దిగి లోపలిభాగం కుళ్లడం దీనికి కారణం. చేవ పట్టవలసిన చోటనే పుచ్చు పడుతుంది. కాబట్టి కాలువగట్టున వరుసగా నిలిచిన పది గంగరావులలో తుపాకి కర్రకో వీణ దండికో సరిపోయే దుంగ ఒక్కటైనా ఉండకపోవచ్చు. పంటచేను మూల తనంతట తాను గింజనుండి మొలిచిన ఒంటిచెట్టులో ఉండవచ్చు. వడ్రంగి చెట్టును చూడకముందే దాని పుట్టుక అడగడం ఇందుకే.

ఈ పద్ధతి కొత్తది కాదు. వరాహమిహిరుని బృహత్సంహితలో మంచాలకు, పీటలకు తగిన కలపలను చెప్పే అధ్యాయం ఏ జాతి మంచిదన్న మాటతో ఆగదు. పిడుగు పడినది, గాలికి కూలినది, ఏనుగు పడగొట్టినది, శ్మశానంలో పెరిగినది, తీగలు చుట్టుకొన్నది అంటూ ఏ చెట్టును తీసుకోరాదో కూడ చెబుతుంది. దీనిని శకునశాస్త్రమని పక్కకు నెట్టడం సులువు. నిజానికి పిడుగు పడిన మానులో కంటికి కనబడని పగుళ్లుంటాయి. గాలికి కూలిన మానులో నార అడ్డంగా నలిగి ఉంటుంది. తీగ బిగిసిన మాను మెలికపడుతుంది. పరిహారభాషలో ఉన్నప్పటికీ ఆ నిషేధాలలో సగమైనా పనివాడి అనుభవమే. జాతి పేరుకన్నా చెట్టు జీవితచరిత్ర ముఖ్యమన్న దృష్టి అందులో ఉంది. వలసకాలపు పట్టికలో లేనిది ఆ దృష్టే.

పట్టికకు దాని ప్రయోజనం దానికుంది. 1856లో మద్రాసు అటవీశాఖకు తొలి అధిపతిగా నియమితుడైన హ్యూ క్లెగ్‌హార్న్ 1861లో ప్రకటించిన గ్రంథం మొదలు 1881లో జె.ఎస్. గ్యాంబుల్ వెలువరించిన భారతీయ కలపల గ్రంథం వరకు ఆ రచనలు సర్కారు అవసరాలను తీర్చడానికి పుట్టినవి. ఫిరంగి బండ్లకు, రైలుపట్టాల కింది దిమ్మెలకు, ఓడలకు ఏ జాతి ఎంత దొరుకుతుందన్నది వాటి ప్రశ్న. వేల ఘనపుటడుగులు కొనేవాడికి ఒక్కొక్క చెట్టు పుట్టుకతో పనిలేదు. ఒక్క కర్ర కోసం వెదికేవాడికి అదే సర్వస్వం. తుపాకి కర్రలకు అన్న మాట మొదటి రకం గ్రంథంలో రెండవ రకం పనివాడి తీర్పునుండి చేరిన ముక్క. అందుకనే అది ఆ పట్టికలలో ఒంటరిగా కనిపిస్తుంది.

ఆ పనివాడు ఎవరు అన్న ప్రశ్నకు గోదావరి చరిత్రే కొంత నేపథ్యాన్ని ఇస్తుంది. 1757 జనవరిలో బొబ్బిలి, 1758 డిసెంబరులో పిఠాపురం సమీపంలోని చందుర్తి, రెండు యుద్ధాలూ ఐరోపా తుపాకులు ఈ తీరంలో నిర్ణాయకమైన సందర్భాలు. ఆంగ్ల, ఫ్రెంచి సైన్యాల తుపాకులకు అక్రోటు కర్రలుండేవి. గొట్టం తరతరాలు మన్నుతుంది, కర్ర మన్నదు. మెడ దగ్గర చీలిన కర్రకు బదులు కర్ర ఈ తీరంలో అక్రోటుతో చేయడం కుదరదు, ఆ చెట్టు హిమాలయ ప్రాంతానిది. జమీందారుల బంట్లచేతి తుపాకులైనా, మన్యంలో వేటకు వాడిన తుపాకులైనా మరమ్మతుకు కమ్మరి దగ్గరికి, వడ్రంగి దగ్గరికి రావలసిందే. స్థానిక కలప తుపాకి కర్రగా మారడానికి కొత్త తయారీకన్నా మరమ్మతే ప్రధానమార్గమై ఉండాలి. పట్టికలోని నమోదును కోనసీమలో తుపాకుల పరిశ్రమకు సాక్ష్యంగా చదవడం పొరపాటు. అది మరమ్మతు పనికి మిగిలిన ఆనవాలుగా చదివితే అర్థవంతమవుతుంది.

1878 ఆయుధచట్టం ఈ పనిని లైసెన్సు పరిధిలోకి తెచ్చింది. మరుసటి ఏడాదే గోదావరి మన్యంలో రంప తిరుగుబాటు చెలరేగింది. అటువంటి జిల్లాలో తుపాకిని బాగుచేసే చేతులమీద సర్కారు చూపు ఎంత కఠినంగా ఉండేదో వివరించనక్కరలేదు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుఠాణాలమీద వరుసగా మూడు రోజులు అల్లూరి సీతారామరాజు దళం దాడిచేసి తీసుకొన్నది తుపాకులనే. చట్టబద్ధంగా దొరకని చోట తుపాకి ఎంత విలువైనదో ఆ దాడులే చెబుతాయి. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో బెంగాలులోని ఇషాపూర్‌లో సర్కారు రైఫిల్ కర్మాగారం ఏర్పడింది. కర్రలకు హిమాలయపు అక్రోటు చేరింది. గంగరావి పేరు గ్రంథాలలో ఒకదానినుండి మరొకదానికి ఎక్కుతూ మిగిలింది. ఆ పని మాత్రం ఊరిలో అంతరించింది.

కాలువలు తెచ్చిన టేకు

కోనసీమలో కలప ఎంపిక మారడానికి ఆయుధచట్టంకన్నా పెద్ద కారణం నీరు. 1847లో మొదలై 1852 నాటికి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, దానివెంట తవ్విన కాలువలు, వైనతేయమీద గన్నవరం దగ్గర 49 కమానులతో కట్టిన అక్విడక్టు, వీటితో గౌతమి వసిష్ఠల నడుమనున్న ఈ భూభాగం పడవల దారిలోకి వచ్చింది. ఎగువ అడవులలో నరికిన దుంగలు తెప్పలుగా గోదావరిలో దిగి రాజమండ్రి చేరేవి. అక్కడినుండి కాలువలమీద కొత్తపేటకు, అమలాపురానికి, రాజోలుకు కలప చేరడం సులభమైంది. పంటల వల్ల చేతికి డబ్బు వచ్చిన ఇళ్లకు టేకు స్తంభాలు, నగిషీ ద్వారబంధాలు వచ్చాయి. మండువా లోగిళ్లలో ఈనాటికీ కనిపించే టేకు కోనసీమ నేలలో పుట్టినది కాదు, కొండలనుండి నీటిమీద వచ్చినది.

ఊరి కలపలలో తన స్థానం నిలుపుకొన్నది పనస ఒక్కటే. పచ్చనిరంగులో మొదలై వయసుతో ముదురు గోధుమకు తిరిగే పనస చెక్క బొబ్బిలి, నూజివీడు వీణలకు ప్రసిద్ధం. ఒకే దుంగలో కుండ, దండి, యాళిముఖం కలిపి తొలిచే ఏకాండి వీణకు పగులు లేని మాను కావాలి. వీణ చేసేవాడు దుంగను కొట్టి నాదం వింటాడు. తుపాకి కర్ర చేసేవాడు నార పోకడ చూస్తాడు. ఇద్దరూ జాతి పేరు విని తృప్తిపడరు. కోనసీమ పెరట్లో పనస ప్రధానంగా కాయకోసం పెరుగుతుంది. పనసపొట్టు కూర, పనసాకు బుట్టలలో ఉడికించే పొట్టిక్కలు దాని ఉనికికి ఆధారం. కాపు తగ్గిన తరువాతనే అది కలపగా మారుతుంది. అందువల్ల దానికి చేవ పట్టే వయసు తప్పకుండ దక్కుతుంది. గంగరావికి ఆ అదృష్టం లేదు. దానికి కాపు లేదు గనుక గొడ్డలికి ఆలోచన అవసరం లేదు.

2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం అగ్నికి ఆహుతైనప్పుడు కొత్త రథాన్ని టేకుతో చేయించి, 2021 ఫిబ్రవరి నాటికి సిద్ధం చేశారు. సముద్రానికి, వసిష్ఠకు నడుమ గంగరావులు పెరిగే ఇసుకనేలమీద నిలిచే రథానికి కలప దూరంనుండి రావడం ఈనాటి లెక్కలో సహజమే. అంత పెద్ద దుంగలు గంగరావిలో దొరకవు, దాని స్థాయి వేరు.

తెలుగు వృత్తిపదాల సేకరణలో ఈ స్థాయిభేదాలు ఎట్లా నమోదవుతున్నాయన్నది చివరిగా పరిశీలించవలసిన అంశం. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశం 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వ్యవసాయపదాలతో మొదలైంది. తరువాత బూదరాజు రాధాకృష్ణ సంపాదకత్వాన వాస్తుపదాల సంపుటి వచ్చింది. పనిముట్టు, భాగం, ప్రక్రియ అన్న విభాగాల కింద పదాన్ని, దాని ప్రాంతీయరూపాలను చూపే ఈ పద్ధతి రాక్స్‌బర్గ్, ఎలియట్ పట్టికలకన్నా ఎంతో ముందుకు వేసిన అడుగు. కాని ఇక్కడ కూడ ఆరోపం పదానిదే. ఉలి, బాడిస, చిత్రిక, రంపం దొరుకుతాయి. ఈ దుంగ వద్దు అన్నప్పుడు వడ్రంగి వాడే మాటలకు, పుచ్చు, మెలిక, నెఱ్ఱె, పచ్చి, డొల్ల వంటి తిరస్కార పదాలకు, విడిగా ఒక శీర్షిక అవసరం. గంగరావి కింద తుపాకి కర్ర అని ఒక వరుస రాసేచోట, కొమ్మ నాటినది కాదు, గింజ మొలిచినది, డొల్ల లేనిది, మెడలో నార తెగనిది అన్న మరి నాలుగు వరుసలు చేరితే, ఆ పేరు తొలిసారి వడ్రంగి నోట పలికినట్లు వినిపిస్తుంది. ఆ నాలుగు వరుసలను చెప్పగల వృద్ధ వడ్రంగులు అమలాపురం, రాజోలు, కొత్తపేట కర్రల అడితులలో ఇంకా కూర్చుంటున్నారు. వారిని ఈ చెట్టు పేరేమిటి అని అడిగితే ఒక మాట చెబుతారు. ఈ చెట్టును ఎందుకు వద్దంటారు అని అడిగితే మధ్యాహ్నం వరకు చెబుతారు.